రాబోయే యుగాల మనిషి: శ్రోతల ప్రశ్నలు, అధ్యాపకుల జవాబులు

(విజయవాడ నుంచి ఒక ఆదివారం సాయంత్రం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి ఇది అక్షర రూపం. శ్రోతల పేర్లు తీసివేసి ఊళ్ళు మాత్రమే ఉంచాం. అతిథిగా పాల్గొన్నవారు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. రాబోయే వేల, లక్షల సంవత్సరాలలో మనిషి శరీరం ఎలా మారవచ్చు అన్నది ఈ వారం విషయం. ఫోన్లు అప్పుడే మోగుతున్నాయి. అయినా మాస్టారు ముందుగా రెండు మాటలు చెబుతామన్నారు.

అధ్యాపకులు: రెండు మాటలే చెబుతాను. మొదటిది కాలాన్ని కొలిచే పద్ధతి గురించి. పరిణామాన్ని సంవత్సరాలలో లెక్కపెడితే మనం తప్పకుండా పొరబడతాం, దాన్ని తరాలలో లెక్కపెట్టాలి. తరానికి పాతికేళ్ళు అనుకుందాం. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది, అంటే అది కట్టిన తరువాత మూడు తరాలు కూడా నిండలేదు. ఉండవల్లి గుహలు తొలిచి సుమారు అరవై తరాలు అయింది. అమరావతి స్తూపం మొదలై తొంభై తరాలు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ దగ్గర దొరికిన ఎముకల వయసు మూడు లక్షల సంవత్సరాలని 2017లో ప్రకటించారు. ఆ లెక్కన మన జాతి వయసు పన్నెండు వేల తరాలు. అమరావతి శిల్పి కొడుకును ఈరోజు తెచ్చి బీసెంట్ రోడ్డులో నిలబెడితే, బట్టలు, భాష తప్పిస్తే మీ పక్కింటి కుర్రాడికీ వాడికీ తేడా కనిపెట్టలేరు.

ఇక రెండవది. అందరూ కుడి చేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టండి. బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి మణికట్టును కొద్దిగా పైకి వంచండి. మణికట్టు మధ్యలో సన్నని తాడులాంటిది ఉబికి కనిపిస్తే, అది పాల్మారిస్ లాంగస్ అనే కండరపు కొస. కొందరికి అది కనిపించదు, ఎందుకంటే వారికి ఆ కండరమే లేదు. దేశాన్ని బట్టి, జనాన్ని బట్టి తేడా ఉంటుంది గాని, నూటికి సుమారు పదిహేను మందికి ఉండదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇంట్లో అందరి చేతులూ చూసి ఉంచుకోండి.

వ్యాఖ్యాత: నాకు ఎడమ చేతికి ఉంది, కుడి చేతికి లేదు. మొదటి ఫోను తీసుకుందాం. హలో, ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత (సత్యనారాయణపురం, విజయవాడ): నమస్కారమండి, నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సినిమాల్లో భవిష్యత్తు మనుషులను పెద్ద తలతో, పెద్ద కళ్ళతో, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులతో చూపిస్తుంటారు. మనం మెదడును ఎక్కువగా వాడుతున్నాం కాబట్టి నిజంగానే తల పెద్దదవుతుందా?

అధ్యాపకులు: నాయనా, శిలాజాలు దీనికి ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. మంచు యుగంలో బతికిన మన పూర్వీకుల మెదడు పరిమాణం సగటున సుమారు 1,500 ఘన సెంటీమీటర్లు ఉండేది, ఇప్పుడు సగటు 1,350 దగ్గర ఉంది. మనకు దగ్గరి చుట్టమై, అంతరించిపోయిన నియాండర్తాల్ మనిషి మెదడు మనకంటే చిన్నది కాదు. మన మెదడు ఎందుకు తగ్గిందన్న దానిపై శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. శరీరం మొత్తం సన్నబడడం వల్ల తగ్గిందని ఒకరంటే, గుంపుగా బతకడం వల్ల ఎవరి జ్ఞాపకం వారే మోయవలసిన అవసరం తగ్గిందని ఇంకొకరంటారు. పైగా మెదడు ఖరీదైన అవయవం. శరీరం బరువులో నూటికి రెండు వంతులే ఉన్నా, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు అదే తినేస్తుంది.

శ్రోత: మరి కాన్పులు ఆపరేషన్‌తో చేస్తున్నారు కదండీ, అందువల్ల పెద్ద తలల పిల్లలు బతుకుతారు కదా?

అధ్యాపకులు: మంచి ప్రశ్న వేశావు. తల్లి కటి ఎముకల దారి ఇరుకు కావడం వల్ల బిడ్డ తలకు ఇన్ని వేల తరాలుగా ఒక హద్దు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి నలభై పైగా కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగాయి, కాబట్టి ఆ హద్దు కొంత సడలింది. అయితే తలుపు గడియ తీసినంత మాత్రాన చుట్టం రాడు. పెద్ద తలవారికి మిగిలినవారికంటే ఎక్కువమంది పిల్లలు పుట్టాలి, అదీ వందల తరాలపాటు జరగాలి. అలా జరుగుతున్నట్లు ఎక్కడా కనబడదు.

శ్రోత: కళ్ళజోళ్ళ సంగతి...

వ్యాఖ్యాత: క్షమించండి, ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్నే. తరువాతి ఫోను మంగళగిరి నుంచి. చెప్పండి.

శ్రోత (మంగళగిరి): నమస్కారమండి, మాస్టారికి కూడా నమస్కారం. నాకు డెబ్బై ఒకటో ఏడు. మేము నేతపనివాళ్ళం. మా తాతగారు గుంట మగ్గం మీద కూర్చున్నారు, ఆయన కొడుకు మా నాన్న అదే గుంటలో కూర్చున్నారు, ఆ తరువాత నేను, నా తరువాత మా పెద్దవాడు. నాలుగు తరాలండి. మా తాతగారి కుడి చేతి చూపుడువేలి పక్కన ఒక కాయ ఉండేది, చింతగింజంత. నా వేలికీ అదే చోట అదే కాయ ఉంది. మా నాన్నగారు పోయినప్పుడు ఆయన చేతులు కట్టేటప్పుడు చూశాను, అదే చోట అదే కాయ. ఇప్పుడు మా మనవడు మగ్గం ముట్టుకోడు. రోజంతా ఫోను పట్టుకుని రెండు బొటనవేళ్ళతో టకటకా కొడతాడు. మా ఆవిడ అంటుంది, వీడి పిల్లలకు బొటనవేళ్ళు పొడుగ్గా పుడతాయని. నాకూ అదే అనుమానం. మా కాయ నాలుగు తరాలుగా వస్తున్నట్లే వాళ్ళకు పొడుగు వేళ్ళు వస్తాయా అని.

అధ్యాపకులు: అయ్యా, ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ పెద్దబ్బాయి పుట్టినప్పుడు ఆ వేలి మీద కాయ ఉందా?

శ్రోత: లేదండి. పసిపిల్లాడి వేలు వెన్నముద్దలాగా ఉంటుంది కదా. మగ్గం ఎక్కిన రెండో ఏడు వచ్చింది.

అధ్యాపకులు: మీకు?

శ్రోత: నాకు పద్నాలుగో ఏట మొదలుపెట్టారు. మొదట్లో వేలు తెగి రక్తం వచ్చేది. పడుగు దారాలు తెగితే అతకడం రాక మా నాన్న చేత తిట్లు తినేవాణ్ణి.

అధ్యాపకులు: చూశారా, జవాబు మీరే చెప్పారు. నాలుగు తరాల నేతగాళ్ళ ఇంట్లో పుట్టినా మీ వేలు తెగింది, నాడె విసరడం మొదటినుంచీ నేర్చుకోవలసి వచ్చింది. తాతకు వచ్చిన కాయ తండ్రికి రాలేదు, తండ్రి తన కాయను తానే కాయించుకున్నాడు. జర్మనీలో ఆగస్ట్ వైజ్‌మన్ అనే ఆయన 1880లలో ఎలుకల తోకలు తరం తరువాత తరం కత్తిరిస్తూ వెళ్ళాడు. అయిదు తరాలలో 901 పిల్లలు పుడితే ఒక్కటి కూడా తోక లేకుండా పుట్టలేదు. నన్నడిగితే ఆ ఎలుకలను హింసించనక్కరలేదు. మనం వందల తరాలుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నాం, ఇవాళ పుట్టిన పాపకు కూడా మళ్ళీ కుట్టించవలసిందే. అలవాటు వేరు, వారసత్వం వేరు. ఇది నేను ఈ గంటలో పదిసార్లు అంటాను, విసుక్కోకండి.

శ్రోత: చెవుల సంగతి నిజమేనండి. మా మనవరాలికి పోయిన నెలలోనే కుట్టించాం, ఊరంతా వినపడేట్టు ఏడ్చింది. అయితే మాస్టారూ, మా మనవడి మునిమనవడి నాటికైనా బొటనవేలు...

అధ్యాపకులు: అయ్యా, మళ్ళీ అక్కడికే వచ్చారు.

శ్రోత: అదికాదండి. చెవి కుట్టడం ఒక్కరోజు పని. ఫోను కొట్టడం రోజంతా జరిగే పని. వెయ్యేళ్ళు అందరూ అలాగే కొడితే?

అధ్యాపకులు: వెయ్యేళ్ళంటే నలభై తరాలు. నలభై తరాలు కాదు, నాలుగు వందల తరాలు కొట్టినా వాడకం వల్ల మాత్రం పొడుగు కాదు. ఎప్పుడు అవుతుందో చెబుతాను వినండి. ప్రతి బిడ్డలోనూ తల్లిలో, తండ్రిలో లేని కొత్త జన్యు మార్పులు సుమారు అరవై, డెబ్బై ఉంటాయి. వాటిలో చాలావరకు మంచీ చెయ్యవు, చెడూ చెయ్యవు. ఎక్కడో ఒక బిడ్డకు పొడుగు బొటనవేలు ఇచ్చే మార్పు కాకతాళీయంగా వచ్చిందనుకోండి. ఆ వేలు ఉన్నందువల్ల ఆ మనిషికి మిగిలినవారికంటే ఎక్కువమంది పిల్లలు పుట్టి పెరగాలి. ఫోను వేగంగా కొట్టేవాడికి పిల్లలు ఎక్కువ అవుతారా?

శ్రోత: (నవ్వు) వీడి వాలకం చూస్తే పెళ్ళే కాదేమో అనిపిస్తుందండి.

అధ్యాపకులు: అదీ సంగతి. లెక్క ఎప్పుడూ పిల్లల సంఖ్య దగ్గరే తేలుతుంది.

శ్రోత: అయితే మన బతుకు తీరు మారితే శరీరం ఏమీ మారదంటారా? మగ్గమైనా, ఫోనైనా, అంతా ఒక్కటేనా?

అధ్యాపకులు: ఇప్పుడు అసలు ప్రశ్న అడిగారు, దీనికి కొంచెం సమయం తీసుకుంటాను. బతుకు తీరు శరీరాన్ని మారుస్తుంది, కానీ దొడ్డిదారిన మారుస్తుంది. పాలు తీసుకోండి. దూడ కొంతకాలం పాలు తాగి మానేస్తుంది. ఆ తరువాత దాని పేగులో పాల చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము తగ్గిపోతుంది. మనిషి బిడ్డకు కూడా సహజంగా అంతే. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువమంది పెద్దవాళ్ళకు పచ్చిపాలు గాని, కాచిన పాలు గాని సరిగా అరగవు. అయితే పది వేల ఏళ్ళ కిందట మనుషులు పశువులను మచ్చిక చేసుకున్నారు. ఆ తరువాత యూరప్‌లో ఒక మార్పు, తూర్పు ఆఫ్రికా పశుపోషకులలో వేరే మార్పులు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పైకి వచ్చాయి. అవి ఉన్నవాళ్ళకు ముసలితనం వరకూ పాలు అరుగుతాయి. యూరప్‌లో కనిపించే మార్పే ఉత్తర భారతంలో కూడా చాలామందిలో ఉంది, దక్షిణానికి వస్తున్నకొద్దీ తగ్గుతుంది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. పాలు తాగడం వల్ల ఆ మార్పు పుట్టలేదు. అది ఎవరిలోనో ఊరికే పుట్టింది. ఆవు లేని చోట పుట్టి ఉంటే ఎవరికీ పట్టేది కాదు. ఆవులున్న చోట పుట్టింది కాబట్టి, కరువు ఏడు వచ్చినప్పుడు ఆ బిడ్డలు బతికారు, వాళ్ళ బిడ్డలు బతికారు.

శ్రోత: మాకు పెరుగు లేనిదే ముద్ద దిగదండి. మరి మాకు ఆ మార్పు ఉన్నట్లా?

అధ్యాపకులు: పెరుగు వేరు. చారెడు తోడు వేస్తే, రాత్రంతా ఆ సూక్ష్మజీవులు పాల చక్కెరలో కొంత తినేసి మనకు సుళువు చేస్తాయి. చెయ్యవలసిన పనిలో సగం మన పేగు బదులు మన కుండ చేసింది. రాబోయే కాలంలో మనిషి ఎలా మారతాడని అడిగేవాళ్ళు ముందుగా ఈ కుండ సంగతి ఆలోచించాలని నా అభిప్రాయం. కుండ, గొడుగు, కళ్ళజోడు, మందుబిళ్ళ, ఇవి ఒక్క తరంలో మారిపోతాయి. జన్యువు వాటి వెనుక నత్తలాగా నడుస్తుంది.

శ్రోత: చాలా సంతోషమండి. ఒక్క మాట, మా చేతికి ఆ తాడు...

వ్యాఖ్యాత: చూసి మళ్ళీ ఫోను చేయండి పెద్దాయనా, ఇంకా చాలామంది లైనులో ఉన్నారు. తెనాలి నుంచి, చెప్పండి. హలో? మీ రేడియో శబ్దం తగ్గించండి. హలో. లైను తెగిపోయింది. రెంటచింతల నుంచి మరొకరు.

శ్రోత (రెంటచింతల): నమస్తే అండి. రాష్ట్రంలో ఎండ ఎక్కువ అనగానే మా ఊరి పేరే చెబుతారు. మేము మిరప కల్లాల్లో మే నెలంతా ఎండలోనే ఉంటాం. భూమి ఇంకా వేడెక్కుతుందంటున్నారు కదా, మా పిల్లల పిల్లలకు ఎండ తట్టుకునే ఒళ్ళు వస్తుందా?

అధ్యాపకులు: ఎండలోకి వెళ్ళడం మొదలుపెట్టిన పది, పదిహేను రోజులలో మీ ఒళ్ళు సర్దుకుంటుంది. చెమట త్వరగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తక్కువగా పోతుంది. ఇది మీ శరీరం నేర్చుకున్న విద్య, నాలుగు వారాలు నీడపట్టున ఉంటే మరచిపోతుంది. మీ బిడ్డకు అది సంక్రమించదు. ఇప్పుడే మంగళగిరి పెద్దాయనకు చెప్పాను, అలవాటు వేరు, వారసత్వం వేరు.

చోటును బట్టి ఒళ్ళు నిజంగా మారిన జనం ఉన్నారు. టిబెట్ వాళ్ళు నాలుగు వేల మీటర్ల ఎత్తున, గాలిలో ప్రాణవాయువు పలచగా ఉన్నచోట, రక్తం చిక్కబడకుండా బతుకుతారు. ఈపాస్-1 అనే జన్యువు వారిలో వేరే రూపంలో ఉండడమే దానికి ముఖ్య కారణం. ఆ రూపం డెనిసోవన్లు అనే, ఇప్పుడు అంతరించిపోయిన మరొక మానవ జాతి నుంచి వచ్చిందని 2014లో తేలింది. అంటే అవసరానికి పుట్టించుకున్నది కాదు, అరువు తెచ్చుకున్నది. మనకు ఎండకు అరువిచ్చేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

శ్రోత: అయితే మాకు దారి లేదంటారా?

అధ్యాపకులు: పరిణామం దారి మీరు కోరుకోకండి. ఆ దారిలో ఎండకు తట్టుకోలేని పిల్లలు పెళ్ళీడు రాకముందే చనిపోవాలి, అలా వందల తరాలు చనిపోతూ ఉండాలి. గాలిలో తేమ నిండుగా ఉండి, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం 35 డిగ్రీలు చూపిస్తే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడి ఒళ్ళు కూడా చల్లబడలేదు. నిజానికి అంతకంటే చాలా ముందే శరీరం చేతులెత్తేస్తుందని ప్రయోగాలలో తేలింది. మీరు చెయ్యవలసింది పని వేళలు మార్చుకోవడం, కల్లం దగ్గర నీడ వేసుకోవడం. నేను దీన్ని సలహాగా చెబుతున్నాను, పాఠంగా కాదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మగారు.

శ్రోత (బ్రాడీపేట, గుంటూరు): నమస్కారమండి. నా ప్రశ్న మీ విషయానికి దగ్గరగా ఉందో లేదో తెలియదు. మాది మేనమామ సంబంధం, మా అమ్మది కూడా అంతే. ఇప్పుడు మా అమ్మాయికి మా ఆడపడుచు కొడుకును అడుగుతున్నారు. అమ్మాయి ఏమో ఇలాగే చేస్తూ పోతే ముందు తరాలు పాడైపోతాయని వాదిస్తోంది. అది నిజమా, చదువుకున్న పిల్లల మాటలా?

అధ్యాపకులు: అమ్మా, ఇది విషయానికి దగ్గర కాదు, విషయమే ఇది. భవిష్యత్తులో మన జనం ఎలా మారతారన్నది ఎవరు ఎవరిని పెళ్ళి చేసుకుంటారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మనందరిలోనూ దోషమున్న జన్యువులు కొన్ని దాగి ఉంటాయి. తల్లి వైపు నుంచి వచ్చిన ప్రతి బాగుంటే, తండ్రి వైపు నుంచి వచ్చిన చెడ్డ ప్రతి కిమ్మనదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళి జరిగితే వాళ్ళ బిడ్డలో పదహారో వంతు జన్యు స్థానాలలో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవై ఉంటాయి. మేనమామ, మేనకోడలు అయితే ఎనిమిదో వంతు. తరం వెంట తరం అదే ఇంట్లో చేస్తే ఆ వంతు పేరుకుంటుంది. అందరి బిడ్డలూ జబ్బుతో పుట్టరు, చాలామంది హాయిగా ఉంటారు. మీరూ ఉన్నారు. కానీ జూదంలో పందెం పెంచినట్లే అవుతుంది.

శ్రోత: ఇంట్లో పెద్దవాళ్ళు ఆస్తి బయటకు పోతుందంటారండి.

అధ్యాపకులు: ఆస్తి గురించి నన్ను అడగకండమ్మా. మేనరికం ఒక్కటే కాదు, కులంలోనే పెళ్ళి చెయ్యడం కూడా ఇదే కథ, కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2013 నాటి పరిశోధనలో తేలిందేమంటే, మన దేశంలో సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకూ వేరువేరు జనం విస్తారంగా కలిశారు. ఆ తరువాత గోడలు కట్టుకున్నారు. డెబ్బై, ఎనభై తరాలుగా ఎవరి గుంపులో వారే ఉండడం వల్ల, ఒక్కొక్క గుంపులో ఒక్కొక్క అరుదైన జబ్బు పేరుకుంది. రాబోయే వెయ్యేళ్ళలో తెలుగువాళ్ళ శరీరంలో కంటికి కనబడకుండా జరిగే పెద్ద మార్పు ఏదైనా ఉంటే, ఆ గోడలు కూలడం వల్లనే ఉంటుందని నేననుకుంటాను. మీ అమ్మాయి చెప్పినట్లు జాతి పాడైపోదు గాని, ఆమె జాగ్రత్త మాత్రం సరైనదే. తప్పదనుకుంటే పెళ్ళికి ముందే జన్యు సలహా ఇచ్చే వైద్యుల దగ్గరకు ఇద్దరినీ పంపండి. మొహమాటపడకండి.

శ్రోత: ఈ మాట మా అత్తగారు కూడా రేడియోలో వింటున్నారండి. చాలా థాంక్స్.

వ్యాఖ్యాత: బెంజి సర్కిల్ నుంచి తరువాతి శ్రోత.

శ్రోత (బెంజి సర్కిల్, విజయవాడ): సార్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. వైద్యం వచ్చాక ప్రకృతి వరణం, అంటే బతికి పిల్లలను కనగలిగినవారిని ప్రకృతి ఎంచుకోవడం, ఆగిపోయిందని, ఇకమీదట మన జన్యువులను మనమే రాసుకుంటామని, అంగారక గ్రహం మీదకు వెళ్ళిన మనుషులు కొత్త జాతిగా మారతారని చదివాను. ఈ మూడింటిలో...

అధ్యాపకులు: మూడు ప్రశ్నలు ఒక బస్తాలో వేసి తెచ్చావు బాబూ. ఒకటి, ప్రకృతి వరణం ఆగలేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి గుండెజబ్బుల కోసం వరుస తరాలను గమనిస్తున్నారు. ఆ లెక్కలు తీసి చూస్తే, కొంచెం పొట్టిగా, కొంచెం ఒళ్ళుగా, కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్న స్త్రీలకు ఎక్కువమంది పిల్లలున్నారు. అదే పోకడ పది తరాలు సాగితే అక్కడి స్త్రీలు రెండు సెంటీమీటర్లు పొట్టి అవుతారని అంచనా. భవిష్యత్తు మనిషి గురించి కొలత టేపు పెట్టి చెప్పగలిగినది అంతే, రెండు సెంటీమీటర్లు. 2019-21 సర్వే నాటికి మన రాష్ట్రంలో స్త్రీకి సగటున 1.7 బిడ్డలు. అందరికీ ఒకరో ఇద్దరో అయితే వరణానికి పని తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

రెండు, జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతి 2012లో వచ్చింది, 2020లో దానికి నోబెల్ బహుమతి ఇచ్చారు. మన ఏజెన్సీ గిరిజనులను పీడించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు ఆ పద్ధతితో చేసిన చికిత్సను బ్రిటన్ 2023 నవంబరులో ఆమోదించింది. అది రోగి మూలుగలోని కణాలను మారుస్తుంది, రోగి బిడ్డలకు ఆ మార్పు వెళ్ళదు. కాబట్టి అది వైద్యం, పరిణామం కాదు. బిడ్డలకు వెళ్ళే విధంగా పిండాలను మార్చానని 2018లో ప్రకటించిన చైనా శాస్త్రజ్ఞుడిని జైలుకు పంపారు. నన్నడిగితే పంపడమే మంచిది. సికిల్ సెల్ జన్యువు ఒకే ప్రతి ఉన్నవాడిని మలేరియా నుంచి కాపాడుతుంది, రెండు ప్రతులుంటే ప్రాణం తీస్తుంది. అలాంటి రెండువైపులా పదునున్న కత్తులు మనలో ఇంకెన్ని ఉన్నాయో తెలియకుండా కత్తెర పట్టుకోకూడదు.

శ్రోత: మరి అంగారకుడు సార్?

అధ్యాపకులు: ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అక్కడ గురుత్వాకర్షణ ఇక్కడిదానిలో నూటికి 38 వంతులు. బరువు తెలియని చోట వ్యోమగాముల ఎముకలు నెలకు సుమారు ఒక శాతం కరుగుతాయి. అక్కడ ఒక బిడ్డ కడుపులో పడి, పుట్టి, పెరిగి, మళ్ళీ తల్లి అవుతుందో లేదో ఎవరూ చూడలేదు. అయినా ఊహలో ఒక సత్యం ఉంది. కొద్దిమంది వెళ్ళి, మిగిలినవారితో రాకపోకలు తెగిపోయి, వేల తరాలు విడిగా ఉంటే వేరే జాతి అవుతారు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో 2003లో దొరికిన మనుషుల ఎముకలు అదే చెబుతాయి. మూడున్నర అడుగుల ఎత్తు, మన మెదడులో మూడో వంతు మెదడు, అయినా రాతి పనిముట్లు చేసుకున్నారు. దీవి వాళ్ళను పొట్టివాళ్ళను చేసింది, పైమెట్టు ఎక్కించలేదు. పరిణామానికి పైమెట్టు అంటూ లేదు. విమానాలు తిరిగినంతకాలం భూమి మీద మనకు దీవులు లేవు. నువ్వు చెప్పే అంగారకుడికి కూడా వారానికొక నౌక తిరిగితే కొత్త జాతీ లేదు, ఏమీ లేదు.

వ్యాఖ్యాత: వార్తలకు మూడు నిమిషాలే ఉంది. చివరి ఫోను. మంగళగిరి నుంచి మళ్ళీ పెద్దాయనే అనుకుంటాను.

శ్రోత (మంగళగిరి): నేనేనండి. ఇంటిల్లిపాదీ చేతులు చూసుకున్నాం. నాకు రెండు చేతులకూ తాడు గట్టిగా ఉంది. మా ఆవిడకూ ఉంది. మా మనవడికి రెండు చేతులకూ లేదు. చేతిని ఎటు తిప్పినా మణికట్టు చదునుగా ఉంది. వాడేమో నేను మీకంటే ముందు కాలం మనిషిని అని ఎగురుతున్నాడు. వాడు ఫోను కొట్టడం వల్ల పోలేదని నాకు అర్థమైందండి, అది అడగను. కానీ వాడు నిజంగా మాకంటే ముందున్నాడా?

అధ్యాపకులు: ఆ బాబును ఫోను దగ్గరకు పిలవండి.

బాలుడు: హలో.

అధ్యాపకులు: నాయనా, ఆ తాడు లేనివాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు, నీతో మొదలు కాలేదు. అది లేకపోయినా పట్టు తగ్గదు, ఉన్నా పెరగదు. అందుకే శస్త్రవైద్యులు వేరేచోట తెగిన స్నాయువును అతకడానికి దాన్నే తీసి వాడుకుంటారు. మీ తాతగారికి ఎప్పుడైనా వేలు తెగితే ఆయన దగ్గర ఒక తాడు మిగులు ఉంది, నీ దగ్గర లేదు. ఇంతకీ మీ నాన్నకు ఉందా?

బాలుడు: నాన్న మగ్గం మీద ఉన్నాడండి. దిగాక చూస్తాను.

వ్యాఖ్యాత: మాస్టారికి, శ్రోతలకు ధన్యవాదాలు. ఇప్పుడు వార్తలు.